నామ మొకటి, రూపములు పెక్కు

(తెలుగు సాంస్కృతిక సంఘ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



నేటి ప్రసంగ విషయము పేరునకు సాంకేతికము. స్వభావమునకు మాత్రము కార్యాలయములలో జీవితము గడుపువారికి మిక్కిలి పరిచితమైనది. వెబ్‌లో లింక్డ్ డేటాను, అనగా పరస్పరము ముడివేయబడిన దత్తాంశమును ప్రకటించునపుడు, అడిగినవారికి ఏ రూపములో, ఏ భాషలో సమాధాన మీయవలెనన్నది ఇందలి ప్రశ్న. సాంకేతికులు దీనిని ‘కంటెంట్ నెగోషియేషన్’ అందురు. తెలుగులో ‘రూప సంప్రదింపు’ అనవచ్చును. ఒక వస్తువునకు పేరొక్కటే యుండును. ఆ పేరు పట్టుకొని వచ్చినది మనుష్యుడైనచో చదువదగిన పుటయు, యంత్రమైనచో గణనకు తగిన పట్టికయు, తెలుగు చదువరియైనచో తెలుగు ప్రతియు లభింపవలెను. ఈ యేర్పాటు చక్కగా నున్నచోట దాని యునికియే ఎవరికిని తెలియదు. లేనిచోట నష్టపడువారు తాము నష్టపోవుచున్నట్లు గుర్తింపనైన లేరు. అట్టివారిలో తెలుగు చదువరులు ముందు వరుసలోనివారు గనుక ఈ విషయము తెలుగు సభలో విచారింపదగినదే.

వెబ్ సృష్టికర్తయైన టిమ్ బర్నర్స్-లీ తన మొదటి ప్రతిపాదనను 1989లో జెనీవా నగర సమీపమునగల సెర్న్ పరిశోధనాలయమున సమర్పించెను. పలు దేశముల శాస్త్రజ్ఞులు పలు విధములైన కంప్యూటర్లతో పనిచేయు చోటది. ఒకరి యంత్రములోని పత్రము వేరొకరి యంత్రమునకు కొరుకుడు పడెడిది కాదు. కావున అడుగువారు తాము ఏయే రూపములను చదువగలరో ముందుగా తెలుపుటయు, ఇచ్చువారు తమయొద్ద నున్నవానిలో తగినదానిని ఏరి యిచ్చుటయు అను పద్ధతి వెబ్ శైశవమునందే తలపెట్టబడినది. వెబ్ సంభాషణకు నియమావళియైన హెచ్‌టిటిపి యొక్క 1.0 ప్రతి 1996లో వెలువడినపుడు ఈ విషయమునకు అనుబంధములో మాత్రమే చోటు దొరకినది. 1997 జనవరిలో వెలువడిన 1.1 ప్రతిలో ప్రత్యేకాధ్యాయము లభించినది. తరువాత 1999, 2014, 2022 సంవత్సరములలో ఆ నియమావళి సవరింపబడినను, మూలసూత్రము మారలేదు.

దాని నడక యిట్టిది. చదువరి ఒక చిరునామాను నొక్కినపుడు బ్రౌజరు ఆ చిరునామాను మాత్రమే పంపదు. కొన్ని పంక్తుల విన్నపమును గూడ జతచేయును. అవి తెరపై కానరావు. ‘యాక్సెప్ట్’ అను పంక్తిలో ఆమోదయోగ్యమైన రూపములును, ‘యాక్సెప్ట్-లాంగ్వేజ్’ అను పంక్తిలో కోరిన భాషలును ఉండును. ఒక్కొక్కదానికి సున్న మొదలు ఒకటి వరకు మార్కు వేయవచ్చును. తెలుగునకు 1, హిందీకి 0.8, ఇంగ్లీషునకు 0.5 అని వ్రాసినచో, ‘తెలుగున్నచో తెలుగే పంపుడు, లేనిచో హిందీ, అదియు లేనిచో ఇంగ్లీషు’ అని అర్థము. సున్న వేసినచో ‘అది వలదు’ అని అర్థము. సర్వరు ఈ విన్నపమును తనయొద్దనున్న ప్రతులతో సరిచూచి, ఒకదానిని ఎన్నుకొని, అది ఏ రూపమో, ఏ భాషయో పైన వ్రాసి మరీ పంపును. తగిన ప్రతి ఒక్కటియు లేనప్పుడు ‘406’ అను సంఖ్యతో లేదని చెప్పవచ్చును. లేదా ఉన్నదానినే పంపవచ్చును. రెండింటికిని నియమావళి సమ్మతించుచున్నది.

‘నెగోషియేషన్’ అను పేరు గంభీరముగా నున్నది గాని ఇందు బేరసారములు లేవు. ఒకమారు అడుగుట, ఒకమారు ఇచ్చుట, అంతతో సరి. సర్వరు తాను ఎన్నుకొనక, ఉన్న ప్రతుల జాబితాను పంపి ‘మీరే ఏరుకొనుడు’ అను పద్ధతియు కలదు, అది అరుదు.

ఇంతవరకు చెప్పినది పత్రముల మాట. లింక్డ్ డేటాలో పని మరియొక మెట్టు పైకి పోవును. 2006లో బర్నర్స్-లీ దీనికి నాలుగు నియమములను వ్రాసెను. వాని సారాంశ మిది: పత్రములకే గాక వస్తువులకును పేర్లు పెట్టవలెను, ఆ పేర్లు వెబ్ చిరునామాల రూపములో నుండవలెను, ఆ పేరు పట్టుకొని విచారించినవారికి, అంగీకృత ప్రమాణముల ననుసరించి, ఉపయుక్తమైన సమాచారము లభింపవలెను, ఆ సమాచారములో ఇతర వస్తువుల పేర్లకు ముడులుండవలెను. పట్టణము, నది, మనుష్యుడు, చట్టము, గ్రంథము, వ్యాధి - ఏదైనను ఇట్టి నామకరణమునకు పాత్రమే. యంత్రము చదువు సమాచారము ‘ఆర్‌డిఎఫ్’ అను పద్ధతిలో నుండును. ఇది 1999లో ప్రమాణముగా అంగీకరింపబడినది. ఇందు ప్రతి విషయమును మూడు భాగముల చిన్న వాక్యముగా వ్రాయుదురు: దేనిని గూర్చి, ఏ సంబంధము, దేనితో. ‘హైదరాబాదు - రాజధాని - తెలంగాణకు’ అన్నది అట్టి వాక్యము. అదే వాక్యమును ‘టర్టిల్’ అను లిపిరీతిలోనైనను, ‘జేసన్-ఎల్‌డి’ అను రీతిలోనైనను వ్రాయవచ్చును. యంత్రములలో కొన్నింటికి మొదటిది, కొన్నింటికి రెండవది రుచించును. సంప్రదింపు లేక గతిలేదు.

ఇచ్చట ఒక చిక్కు తలయెత్తును. ఉద్యోగి వేరు, అతని సర్వీసు బుక్కు వేరు; ఈ మాట ఏ గుమాస్తాకును విడమరచి చెప్పనక్కరలేదు. ఉద్యోగి పుట్టిన తేదీ యొకటి, సర్వీసు బుక్కు తెరచిన తేదీ మరియొకటి. పుస్తకము చినిగినచో ఉద్యోగి గాయపడడు. పుస్తకమునకు నకలు తీసినచో ఉద్యోగులు ఇద్దరు కారు. మనుష్యులు సందర్భమునుబట్టి ఈ భేదమును గ్రహింతురు. యంత్రమునకు సందర్భజ్ఞానము లేదు. హైదరాబాదు నగరమునకును, ఆ నగరమును గూర్చిన పుటకును ఒకే పేరు పెట్టినచో, ‘దీని ఆరంభము 1591’ అను వాక్యమును, ‘దీని ఆరంభము గత సోమవారము’ అను వాక్యమును ఒకే వస్తువునకు అంటగట్టినట్లగును. మొదటిది మహమ్మద్ కులీ కుతుబ్ షా నగరమును స్థాపించిన సంవత్సరము. రెండవది ఎవరో పుటను తెరచిన దినము. రెండును సత్యములే, కలసినచో రెండును వ్యర్థములే.

వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు3సి సంస్థలో ఈ చిక్కుపై 2002 మొదలు 2005 వరకు వాదోపవాదములు సాగెను. 2005 జూన్‌లో ఒక మధ్యేమార్గము కుదిరినది. పేరు పట్టుకొని అడిగినపుడు సర్వరు ‘200’ అను సంఖ్యతో నేరుగా సమాధానమిచ్చినచో, ఆ పేరు పత్రమునదే యని గ్రహింపవలెను. అట్లుగాక ‘303’ అను సంఖ్యతో ‘దీనిని గూర్చి ఫలానిచోట చూడుడు’ అని పంపినచో, ఆ పేరు దేనిదైనను కావచ్చును: నగరముది కావచ్చును, నదిది కావచ్చును, మనుష్యునిది కావచ్చును. నగరమును తీగల ద్వారా పంపుట ఎవరి తరమును గాదు. పంపగలిగినది దానిని గూర్చిన పత్రమును మాత్రమే. 303 అను సంఖ్య ఈ నిజమును ఒప్పుకొనుటయే. లియో సావర్‌మాన్, రిచర్డ్ సిగానియాక్ అనువారి సంపాదకత్వమున 2008 డిసెంబరులో డబ్ల్యు3సి ప్రకటించిన ఒక పత్రము ఈ పద్ధతిని సోదాహరణముగా వివరించినది.

ఆ పద్ధతి యొక్క ఆచరణమును చూపిన తొలి ప్రసిద్ధ నిదర్శనము డీబీపీడియా. 2007లో జర్మనీలోని బెర్లిను, లైప్జిగ్ విశ్వవిద్యాలయములకు చెందినవారు పూనుకొని, వికీపీడియా వ్యాసములలోని సమాచారమును యంత్రములు చదువు వాక్యములుగా మార్చి ప్రకటించిరి. అందు ప్రతి విషయమునకు మూడు చిరునామాలు. నడుమ ‘రిసోర్స్’ అను మాటగలది వస్తువు యొక్క పేరు. ‘పేజ్’ అను మాటగలది మనుష్యులు చదువు పుట. ‘డేటా’ అను మాటగలది యంత్రములకైన పత్రము. మొదటిదానిని అడిగినచో సర్వరు విన్నపమును చూచి, 303 సంఖ్యతో రెండవదానికో మూడవదానికో దారి చూపును. సచివాలయ ద్వారమున నిలిచి, వచ్చినవారి పని అడిగి, గది చూపు ఉద్యోగి చేయు పనియే ఇది.

2012 అక్టోబరు 29న ఆరంభమైన వికీడేటాయు ఇట్టి పద్ధతినే అవలంబించినది. అచ్చట హైదరాబాదు నగరమునకు ‘క్యూ1361’ అని పేరు. పేరులో హైదరాబాదు అను మాటయే లేదు. ఇది లోపము కాదు, వివేకము. సింధు దేశములో 1768లో నిర్మింపబడిన హైదరాబాదు మరియొకటి కలదు. అది నేడు పాకిస్థానులోనిది. మాటనుబట్టి పేరు పెట్టినచో ఈ రెండు నగరముల వృత్తాంతములు కలగాపులగమగును. అంతేగాక తెలుగులోనే కొందరు హైదరాబాదు అనియు, కొందరు హైదరాబాద్ అనియు, కొందరు హైద్రాబాదు అనియు వ్రాయుదురు. సంఖ్యకు ఏ భాషయు చుట్టము కాదు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పేర్లన్నియు దానికి సమానముగా తగిలించిన చీటీలే. వికీడేటా పేర్లలో గమనింపదగినది మరియొకటి గలదు. ఆ స్థలమునకు వెళ్లువారందరు నేడు భద్రతగల ‘హెచ్‌టిటిపిఎస్’ మార్గమున పోవుచున్నను, వస్తువుల పేర్లు మాత్రము తొలినాటి ‘హెచ్‌టిటిపి’ తోనే మొదలగుచున్నవి. దారి మారినను పేరు మార్చరాదన్న పట్టుదలయే దీనికి కారణము.

పేరు స్థిరముగా నుండవలెనన్న మాటకు తెలుగునాట భద్రాచలముకన్న మంచి నిదర్శనము దొరకుట కష్టము. ఆ పట్టణము తూర్పు గోదావరి జిల్లాలో భాగముగా మద్రాసు రాష్ట్రములో నుండి, 1953లో ఆంధ్ర రాష్ట్రములోనికి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోనికి వచ్చినది. 1959లో ఖమ్మము జిల్లాలో చేర్చబడినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రములోనికి వచ్చినది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. గోదావరి ఒడ్డున రాముని కోవెల కదలలేదు, కదలినవి సరిహద్దులు. ఆ పట్టణపు నామములో రాష్ట్రము పేరును, జిల్లా పేరును ఇమిడ్చినవారు ఇన్ని పర్యాయములు పేరు మార్చవలసి వచ్చెడిది. మార్చిన ప్రతిసారియు దానితో ముడివేసిన ఇతరుల ముడులన్నియు తెగిపోయెడివి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినపుడును ఇదే ప్రమాదము. శాఖ పేరును ఫైలు సంఖ్యలో ఇమిడ్చి, శాఖ రెండుగా చీలిన తరువాత పాత ఫైలు కొరకు బీరువాలన్నియు వెదకినవారికి ఈ బాధ చెప్పనక్కరలేదు. పట్టణము ఏ జిల్లాలోనిది అను విషయము పేరులో నుండదగినది కాదు. సమాధానములో, ఏ తేదీ మొదలు ఏ తేదీ వరకు అన్న వివరముతో, ఉండదగినది.

303 పద్ధతికి ఒక వ్యయము కలదు. ప్రతి విచారణకును రెండు ప్రయాణములు. ఒకటి పేరు వద్దకు, ఒకటి పత్రము వద్దకు. లక్షల పేర్లను విచారించు యంత్రమునకు ఇది చిన్న భారము కాదు. దీనికి ప్రత్యామ్నాయముగా ‘హాష్’ గుర్తు పద్ధతి కలదు. చిరునామాలో ఆ గుర్తునకు తరువాతి భాగమును బ్రౌజరు తనయొద్దనే యుంచుకొనును, సర్వరునకు పంపదు. కావున గుర్తునకు ముందున్నది పత్రము పేరుగను, గుర్తుతో కూడినది వస్తువు పేరుగను వాడుకొనవచ్చును. ఒకే ప్రయాణముతో పని తీరును. కాని ఒకే పత్రములో వేల వస్తువులున్నచో, ఒక్కదాని కొరకు వచ్చినవారు మొత్తము మోసికొని పోవలసి వచ్చును. అందుచేత చిన్న పదకోశములకు హాష్ పద్ధతియు, పెద్ద దత్తాంశశాలలకు 303 పద్ధతియు తగియుండునని అనుభవజ్ఞుల మతము.

ఇక భాషల సంగతి. యంత్రములకైన పత్రములో భాషల బేరము అంతగా అవసరము లేదు. ఆర్‌డిఎఫ్‌లో ప్రతి మాట వెంట అది ఏ భాషదో తెలుపు సంకేతమును వ్రాయవచ్చును. తెలుగునకు రెండు ఇంగ్లీషు అక్షరముల సంకేతము ‘టీ-ఈ’. అన్ని భాషల పేర్లును ఒకే పత్రములో పక్కపక్కనే పోగలవు. వానిలో కావలసినదానిని యంత్రమే ఏరుకొనును. లిపి విషయమునను వెనుకటి తగవు తీరినది. తెలుగు లిపి 1991లో యూనికోడ్ మొదటి ప్రతియందే చేరినను, అది వ్యాప్తికి వచ్చువరకు ఒక్కొక్క తెలుగు స్థలము ఒక్కొక్క ఫాంటుతో వేరు వేరు సంకేతములను వాడెడిది. ఆ ఫాంటు లేనివారికి గజిబిజి గీతలు కనబడెడివి. ఏ అక్షర సంకేతము కావలెనో అడుగుటకై విన్నపములో ప్రత్యేకమైన పంక్తి యుండెడిది. యూనికోడ్ సర్వత్రా స్థిరపడినందున, 2022 నాటి నియమావళి ఆ పంక్తిని వాడుకనుండి తొలగింపదగినదిగా పేర్కొన్నది. మిగిలినది మనుష్యులు చదువు పుటల భాష. అసలైన పరీక్ష అచ్చటనే.

ఆ పరీక్షలో మొదటి ప్రశ్న: ఒకే నామము క్రింద నుంచిన ప్రతులు నిజముగా ఒకే విషయమును చెప్పుచున్నవా? ఇంగ్లీషు పుటలో నలువది పేరాలుండి, తెలుగు పుటలో రెండే పేరా లున్నచో, అవి ఒకే వస్తువునకు రెండు రూపములు కావు. ఒకటి గ్రంథము, రెండవది దాని ప్రకటన పత్రము. రెండింటిని ఒకే పేరు క్రింద చేర్చి, తెలుగు కోరినవానికి ఆ రెండు పేరాలను నిశ్శబ్దముగా అందించినచో, అతడు ఉన్నదంతయు అంతేయని భ్రమపడును. ఇంగ్లీషు తెచ్చుకొనియున్నచో కనీసము కష్టపడి చదివెడివాడు. సంప్రదింపు పేరుతో జరుగు అన్యాయములలో ఇది సూక్ష్మమైనది. ఫిర్యాదు చేయుటకైనను వీలులేనిది. సంగ్రహమును సంగ్రహమని పేర్కొని, దానికి వేరు పేరు పెట్టి, పూర్ణపాఠమునకు దారి చూపుట ధర్మము.

చట్టముల విషయములో ఈ ధర్మము శాసనరూపమున నిలిచినది. 1963 నాటి అధికార భాషల చట్టములోని 3వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ ప్రకారము కేంద్ర ప్రభుత్వపు తీర్మానములు, సాధారణ ఉత్తర్వులు, నోటిఫికేషన్లు మొదలగునవి హిందీ, ఇంగ్లీషు రెండింటను ఉండవలెను. 1973లో చేయబడిన ప్రామాణిక పాఠముల చట్టము ప్రకారము, కేంద్ర చట్టమునకు ప్రాంతీయ భాషలోని అనువాదము రాష్ట్రపతి యధికారము క్రింద గెజిట్‌లో ప్రకటింపబడినచో, అది ఆ భాషలో ప్రామాణిక పాఠమగును. కావున తెలుగు పాఠము ఇంగ్లీషు పాఠమునకు నీడ గాదు. చట్ట మొకటి; పాఠములు పెక్కు; అట్లు ప్రకటింపబడినవన్నియు ప్రామాణికములు. లింక్డ్ డేటా వారు కోరు ఆదర్శమును ఈ దేశపు శాసనకర్తలు వెబ్ పుట్టకమునుపే కాగితముపై నిర్మించిరన్నమాట.

ఆ ఆదర్శమును వెబ్‌లో ఆచరించిన దేశములు కలవు. బ్రిటనులో నేషనల్ ఆర్కైవ్స్ వారు 2010లో ఆరంభించిన చట్టముల స్థలములో ప్రతి చట్టమునకును మూడంచెల చిరునామాలు గలవు: చట్టమునకు నామము, ఆ చట్టపు పత్రమునకు చిరునామా, ఆ పత్రపు ఒక్కొక్క రూపమునకు వేరు వేరు చిరునామా. వేల్స్ శాసనసభ చట్టములు ఇంగ్లీషు, వెల్ష్ భాషలు రెండింటను సమాన ప్రామాణ్యముతో వెలువడును. వెల్ష్ పాఠమునకు ప్రత్యేక చిరునామా యున్నది. యూరోపియన్ యూనియన్ ప్రచురణల కార్యాలయమువారి ‘సెల్లార్’ అను భాండారములో 24 అధికార భాషల పత్రములు నిలువయున్నవి. అచ్చట పత్రపు నామ మొక్కటే. కోరిన రూపము, కోరిన భాష విన్నపములో తెలిపినచో ఆ ప్రతి చేతికందును.

వీనినుండి నేర్వదగిన పాఠము, సంప్రదింపు ఒక్కటియే చాలదన్నది. ఒక న్యాయవాది తన వాదములో ఉదహరించినది తెలుగు పాఠమా, ఇంగ్లీషు పాఠమా యన్నది నిశ్చయముగా తెలియవలెను. సామాన్య నామమును మాత్రమే పేర్కొన్నచో, చదువువారి యంత్రపు అభిరుచినిబట్టి వేరు ప్రతి కనబడవచ్చును. కావున సర్వులకు సామాన్యమైన నామ మొకటియు, ఒక్కొక్క ప్రతికి స్థిరమైన చిరునామాయు రెండును ఉండవలెను. పుట పైభాగమున ‘ఈ పత్రము ఇతర భాషలలో’ అని మిగిలిన ప్రతులకు దారులుండవలెను.

సంప్రదింపునకు లోపములు లేకపోలేదు. అది కంటికి కానరానిది. కానరానిది చెడినను తెలియదు. 303 ద్వారా పుటకు చేరిన చదువరి, పైన కనబడు చిరునామాను నకలు చేసికొని మిత్రునకు పంపును. అది వస్తువు పేరు కాక పుట పేరగుటచే, క్రమముగా తప్పుపేరే ప్రచారములోనికి వచ్చును. అందుచే సరియైన నామమును పుటలోనే స్పష్టముగా అచ్చువేయుట మంచిది. మరియొకటి: వెబ్ మార్గమధ్యమున పత్రములను నిలువచేసి, తరువాత అడిగినవారికి తామే అందించు సర్వరులుండును. తెలుగు కోరినవానికి పంపిన ప్రతిని నిలువచేసి, అదే నామముతో అడిగిన తమిళునకు దానినే అంటగట్టు ప్రమాదము కలదు. దీనిని నివారించుటకు ‘వేరీ’ అను పంక్తిలో ‘ఈ సమాధానము భాషనుబట్టి మారును’ అని వ్రాయవలెను. ఒక్క పంక్తి మరచిన ఫలితము, ఒకరి ఉత్తరము వేరొకరి చేతిలో పడుటయే. మూడవది గోప్యత. విదేశములో తెలుగును కోరు బ్రౌజరులు కొద్దిగా నుండుటచే, ఆ విన్నపమే మనిషిని గుర్తుపట్టుటకు ఆనవాలు కావచ్చును. చదువరి భాషాభిరుచులను సమగ్రముగా ప్రతి విన్నపములోను పంపుట గోప్యతకు విరుద్ధము కావచ్చునని నియమావళియే హెచ్చరించుచున్నది.

ఈ బాధలన్నింటిని చూచి కొందరు వేరు మార్గము పట్టిరి. మనుష్యులు చదువు పుటలోనే యంత్రమునకైన వాక్యములను పొదిగి పంపుట వారి పద్ధతి. 2011 జూన్‌లో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ సంస్థలు కలసి ఆరంభించిన ‘స్కీమా డాట్ ఆర్గ్’ పదకోశము దీనిని వ్యాపింపజేసినది. ఏరుట, దారి చూపుట అను పనులు తప్పును; చిన్న ప్రచురణకర్తలకు ఇది సులభము. కాని ఒక్క సంఖ్య కొరకు వచ్చిన యంత్రము చిత్రములతో, అలంకారములతో కూడిన పుట నంతటిని మోయవలసి వచ్చును. భాషల ప్రశ్నకు ఇందు సమాధానమే లేదు. కావున ఈ పద్ధతి సంప్రదింపునకు తోడు కాగలదు గాని మారు కాజాలదు.

ప్రభుత్వ దత్తాంశము విషయమున భారతదేశము చేసిన ప్రయత్నములు గణనీయమైనవి. 2012 మార్చిలో దత్తాంశ వినిమయ విధానము ప్రకటింపబడినది. అదే సంవత్సరము దత్తాంశములకు ప్రత్యేక వెబ్ స్థలము ఏర్పడినది. పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖవారి స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో రాష్ట్రములకు, జిల్లాలకు, గ్రామములకు సంఖ్యా సంకేతములు గలవు. అట్టి సంఖ్య, విచారింపదగిన వెబ్ నామముగా రూపొంది, గ్రామస్థుడు అడిగినచో అతని భాషలో పుటను, యంత్రము అడిగినచో వాక్యముల పత్రమును ఇచ్చు స్థితికి వచ్చినపుడు, పాఠశాలల పట్టిక, ఆసుపత్రుల పట్టిక, ఓటర్ల సంఖ్య, వర్షపాతము వేరు వేరు శాఖలనుండి వచ్చినను ఒకే గ్రామము చుట్టు తమంతట తాము కూడికొనగలవు. ఒక్కొక్క శాఖ ఆ గ్రామము పేరును ఒక్కొక్క వర్ణక్రమముతో వ్రాసినంతకాలము, ఆ కూడికను గుమాస్తాలు చేతితో చేయుచుండవలసినదే.

ఇందు ప్రచురణకర్తల బాధ్యత ఎంతయో, చదువరుల బాధ్యతయు అంత కలదు. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని తెలుగు సామెత. ఫోనును, కంప్యూటరును ఇంగ్లీషులోనే యుంచుకొన్న తెలుగువాని బ్రౌజరు, అతనికి తెలియకుండనే, ప్రతి విన్నపములోను ‘ఇంగ్లీషు పంపుడు’ అని వ్రాయుచుండును. ఇంటిలో తెలుగు మాటాడి, పండుగకు తెలుగు నాటకమాడి, పిల్లలకు తెలుగు నేర్పు కుటుంబముగూడ సర్వరు లెక్కలలో ఇంగ్లీషు కుటుంబమే. తెలుగు ప్రతికి వ్యయము చేయవలెనా వలదా యని ఒక అధికారి ఆ లెక్కలను తెప్పించి చూచినచో, తెలుగు కోరినవారు కానరారు, ప్రతి తయారుకాదు, తయారుకానందున కోరువారు మరింత తగ్గుదురు. ఈ విషచక్రమును తెంచుటకు సభలును, తీర్మానములును అక్కరలేదు. బ్రౌజరు అమరికలలో ‘భాషలు’ అను చోట తెలుగును చేర్చి, మొదటి స్థానమునకు జరిపినచో చాలును. తెలుగు ప్రతి లేనిచోట ఎప్పటివలె ఇంగ్లీషే వచ్చును గనుక గోప్యతను గూర్చిన స్వల్ప సంశయము తప్ప నష్టము లేదు. ఉన్నచోట తెలుగు వచ్చును. రెండు సందర్భములలోను అడిగినట్లు లెక్కలో చేరును.

ప్రచురణ విధులలో నున్న సభ్యులు తమ శాఖలలో ఈ నాలుగు విషయములను పరిశీలింపగలరు: నామములో శాఖ పేరు, జిల్లా పేరు, సంవత్సరము వంటి మారెడి వస్తువులు చేరలేదు గదా, వస్తువు నామమును, పత్రపు నామమును వేరుచేసిరి గదా, తెలుగు ప్రతి పూర్ణప్రతియే గదా, కానిచో అట్లని వ్రాసిరి గదా, ప్రతి రూపమునకు ఉదహరింపదగిన స్థిరమైన చిరునామా గలదు గదా. వీనికి గొప్ప వ్యయము అవసరము లేదు. ఆరంభమున కొంత యోచన మాత్రము కావలెను. ఆరంభమున యోచింపనిచో, వేల పుటలు వెలువడిన తరువాత సవరించుట మాత్రము మిక్కిలి వ్యయముతో కూడినది.

ఢిల్లీలోను, ఇతర నగరములలోను ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు తమ తాతగారి యూరిని గూర్చి తెలిసికొనగోరినపుడు తొలుత ఆశ్రయించునది వెబ్‌నే. ఆ యూరికి చెదరని నామ మొకటి యుండి, ఆ నామమును అడిగినపుడు తెలుగులో నిండైన సమాధానము లభించు దినము రావలెనని కోరుచు ఈ ప్రసంగము ముగింపబడుచున్నది.